ఆ రాత్రి ఎక్కడున్నావు?

ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ, ఓ చిన్న ఊరు, ఓ హత్య... ఇలాంటి నవలల్ని వదలకుండా చదివించే గుట్టేమిటి? మన మేడ్చల్, శామీర్‌పేటల్లో అలాంటి కథ జరిగితే ఎలా ఉంటుంది?

డిటెక్టివ్ నవలలు చదివే అలవాటున్న వాళ్లకి ఈ ప్రశ్న కొత్తదేం కాదు. హత్య జరుగుతుంది. ఇన్‌స్పెక్టర్ వస్తాడు. చుట్టుపక్కల వాళ్లనందర్నీ పేరు పేరునా అడుగుతాడు. "ఆ రాత్రి తొమ్మిదికీ పదకొండుకీ మధ్య మీరెక్కడున్నారు?" ఒకాయన సెకండ్ షోకి వెళ్లానంటాడు. ఒకావిడ తలనొప్పితో పడుకున్నానంటుంది. ఇద్దరమ్మాయిలు మాత్రం నోరు మెదపరు.

నిజానికి వాళ్లిద్దరూ ఆ రాత్రి ఒకేచోట ఉన్నారు. ఒకరికొకరు సాక్ష్యం. ఆ ఒక్క మాట చెప్పేస్తే హత్యానేరం మీద పడకుండా బయటపడొచ్చు. కానీ చెబితే వాళ్లు ఉత్త స్నేహితురాళ్లు మాత్రమే కాదన్న సంగతి ఊరంతా తెలిసిపోతుంది. చెప్పాలా, మానాలా?

లెస్బియన్ రొమాన్స్ మిస్టరీ అని పిలిచే నవలల్లో చాలావాటికి ప్రాణం ఇలాంటి ఇరకాటమే. లెస్బియన్ అంటే తెలుసు కదా, మరో ఆడదాన్ని ప్రేమించే ఆడది. పేరు వినగానే పేజీ తిప్పేయకండి. వీటిలో చాలావాటిలో మీరు ఊహించుకునేంత పడగ్గది ఉండదు. ఉండేదల్లా భయం, బెంగ, ఎదురుచూపు, ఇరుగుపొరుగు కళ్లు. మన సీరియల్ నవలలు చదివిన వాళ్లకి ఇవేమైనా కొత్తా?

చిన్న ఊరే ఎందుకు?

హత్య కథకి మహానగరం కన్నా చిన్న ఊరే బాగా కుదురుతుంది. పట్నంలో పక్క ఫ్లాటులో ఎవరున్నారో మనకి తెలీదు. చిన్న ఊళ్లో అలాక్కాదు. పాలాయన ఎన్నింటికి వస్తాడో, ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరమ్మాయి ఏ బస్సెక్కిందో అందరికీ తెలుసు. అందుకే అక్కడ రహస్యం దాచుకోవడం కష్టం. దాచుకున్న రహస్యానికి విలువా ఎక్కువే.

ఈ కిటుకుని అందరికన్నా బాగా వాడుకున్నది అగాథా క్రిస్టీ. ఆవిడ సృష్టించిన మిస్ మార్పుల్ అనే పెద్దావిడ స్వెట్టర్ అల్లుకుంటూనే హంతకుల్ని పట్టేస్తుంది. ఊళ్లోవాళ్ల గుణగణాలు ఆవిడకి కంఠతా వచ్చు మరి. తర్వాత్తర్వాత ఇంగ్లీషులో ఈ ఊరి హత్యల కథలకి వంటింటి వాసన కూడా అబ్బింది. అమెరికా రచయిత్రి డయాన్ మాట్ డేవిడ్‌సన్ 1990లో మొదలుపెట్టిన నవలల్లో నాయిక ఓ చిన్న కొండ ఊళ్లో విందు భోజనాల కాంట్రాక్టులు చేసే ఆవిడ. హంతకుడి ఆచూకీతో పాటు కేకులెలా చెయ్యాలో కొలతలతో సహా ఆ పుస్తకాల్లోనే ఉంటుంది!

మళ్లీ క్రిస్టీ దగ్గరికొద్దాం. 1950లో వచ్చిన 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' నవలలో ఓ పల్లెటూరి పేపర్లో ఫలానా రోజు, ఫలానా ఇంట్లో హత్య జరుగుతుందని ప్రకటన వస్తుంది. జనం వింత చూడ్డానికి వెళ్తారు. అలా వెళ్లినవాళ్లలో హించ్‌క్లిఫ్, మర్గట్రాయిడ్ అనే ఇద్దరు నడివయసు ఆడవాళ్లున్నారు. పెళ్లిళ్లు చేసుకోలేదు. ఒకే ఇంట్లో కోళ్లనీ పందుల్నీ పెంచుకుంటూ బతుకుతారు. వాళ్ల బంధానికి క్రిస్టీ ఏ పేరూ పెట్టలేదు. ఊరు కూడా పెట్టదు. కానీ అసలు సంగతి గుర్తుకొచ్చిన మర్గట్రాయిడ్ తాడు మీద బట్టలు తీసుకుంటూ హత్యకి గురవుతుంది. అప్పుడు హించ్‌క్లిఫ్ పడే దుఃఖం చదివితే ఆవిడ పోగొట్టుకున్నది ఎవర్నో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అంటే ఇలాంటి జంట ఊరి కథల్లో ఎప్పట్నుంచో ఉంది. కాకపోతే ఓ మూల ఉంది. కథ అయ్యేసరికి ఇద్దరిలో ఒకరు పోవడం కూడా మామూలైపోయింది.

విషాదాంతం ఎవరి కోసం?

ఎందుకలా? ఈ ప్రశ్నకి జవాబు కథల్లో కాదు, పోస్టాఫీసులో దొరుకుతుంది.

1952లో అమెరికాలో 'స్ప్రింగ్ ఫైర్' అనే చవక నవల వచ్చింది. రాసింది మారిజేన్ మీకర్ అనే యువతి. పుస్తకం మీద మాత్రం విన్ ప్యాకర్ అని మగపేరు లాంటి మారుపేరు వేశారు. కాలేజీ హాస్టల్లో ఇద్దరమ్మాయిల ప్రేమకథ అది. ఎడిటర్ ముందే షరతు పెట్టాడు: కథ సుఖాంతం కాకూడదు! సుఖంగా ముగిస్తే పోస్టల్ అధికారులు అశ్లీలమని పుస్తకాల కట్టల్ని జప్తు చేస్తారని ఆయన భయం. అందుకే చివర్లో ఒకమ్మాయికి మతి తప్పుతుంది. ఇంకో అమ్మాయి 'నేనసలు ఆమెను ప్రేమించనేలేదు' అనుకుంటుంది. చూశారా, పాత్రల రాత రాసింది రచయిత్రి కాదు, తపాలా సంచీ!

విచిత్రమేమిటంటే సరిగ్గా అదే 1952లో ఆ షరతుని పట్టించుకోని నవల కూడా ఒకటి వచ్చింది. పేరు 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్'. రాసింది పట్రీషియా హైస్మిత్. ఆవిడ మొదటి నవలని హిచ్‌కాక్ 1951లో 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్' సినిమాగా తీశాడు. క్రైమ్ రచయిత్రిగా పేరొస్తున్న రోజులు కనక ఆవిడ కూడా తన పేరు దాచుకుని క్లేర్ మోర్గన్ అని వేసుకుంది.

ఓ పెద్ద షాపులో బొమ్మలమ్మే థెరీస్ అనే అమ్మాయికీ, భర్తతో విడాకుల గొడవలో ఉన్న కేరొల్‌కీ మధ్య కథ ఇది. ఇద్దరూ కారేసుకుని దూర ప్రయాణం కడతారు. వాళ్ల వెనకాలే ఓ డిటెక్టివ్! అతన్ని పెట్టింది కేరొల్ భర్త. హోటల్ గదిలో మాటల్ని రహస్యంగా రికార్డు చేయిస్తాడు. ఆ సాక్ష్యం చూపించి కేరొల్‌కి కూతుర్ని దూరం చేస్తాడు. తల్లి మనసు ఎంత నలిగిపోతుందో ఆ పేజీల్లో చదవాలి. అయినా చివరికి ఆ ఇద్దరూ కలుస్తారు. ఎవరూ చావరు, ఎవరికీ పిచ్చెక్కదు. అమెరికా నలుమూలల నుంచీ ఆడవాళ్లు ఆ రచయిత్రికి కృతజ్ఞతగా ఉత్తరాలు రాశారు. తమలాంటి వాళ్లు బతికి బట్టకట్టిన కథ వాళ్లకి అప్పటిదాకా అంతగా దొరకలేదు మరి. హైస్మిత్ ఆ నవలని 1990లో గానీ సొంత పేరుతో అచ్చు వేయించుకోలేదు. 2015లో అది 'కేరొల్' సినిమాగా వచ్చింది.

ఈ నవలలో డిటెక్టివ్ ప్రేమికుల పక్షాన లేడని గమనించారా? తర్వాతి తరం రచయిత్రులు ఆ కుర్చీనే లాక్కున్నారు. 1984లో కేథరిన్ వి. ఫారెస్ట్ 'అమెచ్యూర్ సిటీ'లో కేట్ డెలాఫీల్డ్ అనే పోలీసు డిటెక్టివ్‌ని సృష్టించింది. హంతకుల్ని పట్టుకుంటుంది గానీ తన ప్రేమ సంగతి తోటి పోలీసులకి చెప్పుకోలేదు. 1987లో స్కాట్లండ్ రచయిత్రి వాల్ మెక్‌డర్మిడ్ 'రిపోర్ట్ ఫర్ మర్డర్' రాసింది. అందులో ఓ ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో జరిగిన హత్య గుట్టు విప్పేది లిండ్సే గోర్డన్ అనే లెస్బియన్ జర్నలిస్టు. ఇక 2002లో వచ్చిన శారా వాటర్స్ నవల 'ఫింగర్‌స్మిత్' అయితే మలుపుల పుట్ట. దొంగల మధ్య పెరిగిన పిల్ల ఓ జమీందారీ ఇంట్లోకి పనిమనిషిగా చేరి, ఆ ఇంటి అమ్మాయిని మోసం చెయ్యబోతుంది. తీరా ఆ అమ్మాయినే ప్రేమిస్తుంది. ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో సగం పుస్తకం అయ్యాక గానీ తెలీదు. ఈ ఇంగ్లండు కథని కొరియా దర్శకుడు పార్క్ చాన్‌వుక్ 1930ల నాటి కొరియాకి మార్చి 2016లో 'ది హ్యాండ్‌మెయిడెన్' తీశాడు. ఎక్కడా అతుకు కనపడదు!

మన దగ్గరో?

'ఇవన్నీ తెల్లవాళ్ల గోల, మనకెందుకు?' అనకండి. ఆడది తన కోరిక గురించి రాస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకి బాగా తెలుసు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. అది రాధాకృష్ణుల కథే. కానీ ఆడదాని కోరికని ఆడదే చెప్పింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని శ్రద్ధగా అచ్చు వేయిస్తే మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లోనే.

ఆడవాళ్ల మధ్య ప్రేమ విషయానికొస్తే ఉర్దూలో ఇస్మత్ చుగ్తాయ్ 1942లో 'లిహాఫ్' రాసింది. అంటే రజాయి. నవాబు పట్టించుకోని బేగం, ఆమెకి ఒళ్లు పట్టే పనిమనిషి... రాత్రిపూట రజాయి నీడ గోడ మీద ఏనుగులా ఎందుకు ఊగుతోందో ఆ గదిలో పడుకున్న చిన్నపిల్లకి అర్థం కాదు. ఒకరకంగా అదీ మిస్టరీ కథే! దాని మీద లాహోరు కోర్టులో అశ్లీలం కేసు నడిచింది. బూతుమాట ఫలానాదని ఎవరూ చూపించలేకపోయారు. కేసు నిలబడలేదు.

తర్వాత దీపా మెహతా 'ఫైర్' వచ్చింది. ఢిల్లీ ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు తోడికోడళ్ల కథ. షబానా ఆజ్మీ, నందితా దాస్ నటించారు. 1998లో మన దేశంలో విడుదలైతే బొంబాయిలో, ఢిల్లీలో థియేటర్ల మీద దాడులు జరిగాయి. ఆ సినిమా చివర్లో పెద్దకోడలి చీరకి వంటింట్లో నిప్పంటుకుంటుంది. అయినా ఆమె బతుకుతుంది. తోడికోడల్ని చేరుకుంటుంది. గొడవలో పడి ఈ సంగతిని చాలామంది పట్టించుకోలేదు.

మేడ్చల్‌లో అయితే...

ఇంగ్లండు కథ కొరియాకి వెళ్లగాలేంది మన మేడ్చల్‌కి రాలేదా? సరదాగా ఊహించుకుందాం.

మేడ్చల్ ఇప్పుడు ఊరూ కాదు, పట్నమూ కాదు. ఓ పక్క నాగపూర్ హైవే. 2023 నుంచి సికింద్రాబాద్ ఎంఎంటీఎస్ రైలు. ఇంకో పక్క శామీర్‌పేట చెరువు, కట్ట మైసమ్మ గుడి, జింకల పార్కు, కరీంనగర్ రోడ్డు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలుండేవి. ఇప్పుడు ఆ భూముల్లో హద్దురాళ్లు. ఎకరం ధర చెబితే గుండె గుభేలుమంటుంది. హత్య కథకి ఇంతకన్నా కారణం కావాలా?

సద్దుల బతుకమ్మ రాత్రి. ఆడవాళ్లంతా పాటలు పాడి బతుకమ్మల్ని నీళ్లలో వదిలి ఇళ్లకి చేరారు. తెల్లారేసరికి రిటైర్డు టీచరమ్మ ఒకావిడ చెరువుగట్టు కింద శవమై కనిపించింది. ఆవిడకి నాలుగెకరాల పాత ద్రాక్షతోట ఉంది. ఆ భూమి తనకమ్మిందంటూ ఓ పెద్దమనిషి నోటరీ అగ్రిమెంటు చూపిస్తున్నాడు.

ఇప్పుడు మన నాయికలు. ఒకామెకి బస్టాండు వెనక లేడీస్ టైలర్ షాపు. ఇంకొకామె రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్ దగ్గర పని చేస్తుంది. షాపు మీద గదిలో అద్దెకుంటారు. "ఏం పిల్లా, లగ్గం ఎప్పుడు?" అని వీధిలో అందరూ అడిగేవాళ్లే. ఇద్దరూ నవ్వి ఊరుకుంటారు.

అగ్రిమెంటు మీద తేదీ డాక్యుమెంట్ల అమ్మాయి కంట పడింది. ఆ తేదీన టీచరమ్మ పొద్దంతా సికింద్రాబాద్‌లో ఉండి సంతకం చేసిందట. టైలరమ్మకి ఠక్కున గుర్తొచ్చింది. కొలతల పుస్తకం తీసి చూస్తే సరిగ్గా అదే రోజు, టీచరమ్మ జాకెట్టు కొలతలు, పక్కన అడ్వాన్సు వంద రూపాయలు, ఆవిడ చేతిరాతే! అంటే అగ్రిమెంటు దొంగది. ఇద్దరూ కలిసి బతుకుతున్నారు కాబట్టే, రాత్రి అన్నాలు తింటూ కబుర్లు చెప్పుకున్నారు కాబట్టే ఆ రెండు కాగితాలూ ఒక్కచోటికొచ్చాయి.

కానీ అవతలివాడు తక్కువ తిన్నాడా? టీచరమ్మని ఆఖరుసారి చూసింది ఈ టైలరమ్మేనని పోలీసుల చెవిన వేశాడు. "ఆ రాత్రి ఎక్కడున్నావు?" అని ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు. గదిలో ఉన్నానంటుంది. ఎవరితో? ఎవరు చూశారు?

చూసినావిడ ఒకరున్నారు. ఎదురింటి పెద్దమ్మ. మెట్ల మీద రెండు జతల చెప్పుల్ని ఆవిడ మూడేళ్లుగా రోజూ చూస్తూనే ఉంది. అర్థం కాకా కాదు, ఇష్టమై కాదు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడా పెద్దమ్మ నోరు విప్పాలి. కథంతా ఆవిడ చేతుల్లోకొచ్చింది.

ఇన్‌స్పెక్టర్‌కి భయపడాలా?

ఈ కథ ఏ సంవత్సరంలో జరిగిందన్నది ముఖ్యం. 2018 సెప్టెంబరు 6కి ముందైతే ఇన్‌స్పెక్టర్ చేతిలో 377వ సెక్షన్ ఉండేది. బ్రిటిష్ వాళ్ల కాలంలో రాసిన ఆ సెక్షన్ కింద ఆడవాళ్ల మీద కేసులు అరుదే అయినా, బెదిరించడానికి ఆ పేరు చాలు. ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని పక్కన పెడితే 2013లో సుప్రీంకోర్టు మళ్లీ తెచ్చింది. చివరికి 2018లో అయిదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా, ఇష్టపడి కలిసి బతికే పెద్దవాళ్లది నేరం కాదన్నారు.

పెళ్లి మాటేమిటంటారా? ఆ కేసులో ముందు నిలిచింది హైదరాబాద్ జంటే. సుప్రియో, అభయ్ అనే ఇద్దరు యువకులు 2022లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు, అలాంటి పెళ్లికి చట్టం చెయ్యాల్సింది పార్లమెంటేనని చెప్పింది. కాబట్టి చట్టప్రకారం పెళ్లి లేదు. అయితే ఇంటి అవసరాల్లో కొన్ని దారులు తెరుచుకున్నాయి. ఇలాంటి జంట బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకర్నొకరు నామినీగా రాసుకోవడానికీ అడ్డేమీ లేదని కేంద్రం 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. రేషన్ కార్డుకి ఒకే ఇంటివాళ్లుగా చూడాలని రాష్ట్రాలకి రాసింది.

ఇలాంటి కేసుల పాఠాలు మన శామీర్‌పేటలోనే చెబుతారు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే కదా. 2022లో ఆ విశ్వవిద్యాలయం ఇలాంటి విద్యార్థుల కోసం హాస్టల్లో కొన్ని గదులు కేటాయించింది. అంటే మన కథలోని చెరువుకి కూతవేటు దూరంలో ఒక హాస్టల్లో దాచుకోనక్కర్లేని సంగతి, ఆ పక్క వీధిలో ఇంకా గుట్టుగానే ఉండొచ్చు.

అసలు భయం ఇంట్లోనే

చట్టం మారాక ఈ నవలల్లో విలన్ కూడా మారాడు. పోలీసు కాదు, ఇప్పుడు తలుపుకి గొళ్లెం పెట్టేది అమ్మానాన్నలే. కోర్టుల్లోకి వచ్చే కేసులు చూస్తే తెలుస్తుంది. ఇద్దరమ్మాయిలు ఇల్లు వదిలి వెళ్లడం, ఒకామెని బలవంతంగా తెచ్చి గదిలో పెట్టడం, రెండో ఆమె కోర్టుకెక్కడం. ఇలాంటి కేసుల్లో జడ్జీలు ఆ అమ్మాయితో విడిగా, భయం లేకుండా మాట్లాడాలనీ, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చెయ్యకూడదనీ సుప్రీంకోర్టు 2024 మార్చిలో చెప్పింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు తల్లిదండ్రుల నిర్బంధంలో ఉన్న ఓ పాతికేళ్ల అమ్మాయిని విడిపించి, ఇష్టమైన వాళ్లతో వెళ్లనిచ్చింది. కుటుంబం ఏర్పడ్డానికి పెళ్లొక్కటే దారి కాదని ఆ తీర్పులో రాసింది.

"డాక్టరుకి చూపిస్తే తగ్గుతుందేమో" అనే తల్లులున్నారు. తగ్గడానికి అది జబ్బు కాదమ్మా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో ఆ మాటే చెప్పింది. మారుస్తానని మందులిచ్చే డాక్టరు చేసేది వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. పెళ్లి చేస్తే సర్దుకుంటుందనుకుంటే మూడో మనిషి బతుకు కూడా అన్యాయమైపోతుంది. ఆ పెళ్లికొడుకు చేసిన పాపమేమిటి?

మీ ఇంట్లో అమ్మాయి ఈ మాట చెబితే ఆ క్షణాన మీకు ఏడుపు రావచ్చు, కోపం రావచ్చు. ఫోను లాక్కోకండి. గదిలో పెట్టి తాళం వెయ్యకండి. చుట్టాలందర్నీ పిలిచి పంచాయితీ పెట్టకండి. "అన్నం తిన్నావా?" అని అడగండి చాలు, మిగతావి రేపు మాట్లాడుకోవచ్చు. ఆ పిల్ల గానీ, మీరు గానీ తట్టుకోలేననుకుంటే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో నిర్బంధం, దెబ్బలు లాంటివుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

రొమాన్స్ నవలకి ఓ నియమముంది. ఎన్ని కష్టాలొచ్చినా ఆఖరి పేజీకి ఇద్దరూ కలవాలి. యద్దనపూడి నవలలు అద్దెకి తెచ్చుకుని రాత్రంతా మేలుకుని చదివింది ఆ ఆఖరి పేజీ కోసమే కదూ! మిస్టరీ నవలకీ ఓ నియమముంది, నిజం బయటపడాలి. ఈ రెండు నియమాలూ ఒకే పుస్తకంలో చేరితే నిజం చెప్పాక కూడా ఆ ఇద్దరూ బతికుండాలి. ఒకప్పుడు పోస్టాఫీసు దానికి ఒప్పుకోలేదు. ఇప్పుడు చట్టం అడ్డు చెప్పడం లేదు.

ఇక మన మేడ్చల్ కథలో మిగిలింది ఎదురింటి పెద్దమ్మ. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు. పెద్దమ్మ చేతిలో చేట, చేటలో బియ్యం. మెట్ల మీద ఆ పిల్లలిద్దరూ తలొంచుకుని కూచున్నారు. "ఆ రాత్రి ఇద్దరూ పైనే ఉన్నరు సారూ. నా కండ్లతోని జూసిన" అని ఆవిడ చెబితే సుఖాంతం. "నాకేం ఎరుక, నన్నడగకుండ్రి" అంటే మరోటి.

ఆ చేట మీ చేతిలో ఉంటే మీరేమంటారు?